మా చేతుల మీదుగానే

చిలకలూరిపేట నుంచి పర్చూరు, అద్దంకి, దర్శి దాకా, అటు నరసరావుపేట నుంచి వినుకొండ, మాచర్ల దాకా పత్తి, మిరప పండే ఈ నేల మీద ఆస్పత్రిలో పుట్టిన బిడ్డకు తొలి యాంటీబయాటిక్ సూది దాదాపు ఎప్పుడూ ఒక నర్సు చేతి మీదుగానే పడుతుంది. చీటీ రాసేది డాక్టరు, మందు చేసేది కంపెనీ, అమ్మేది మెడికల్ షాపు. చీటీ లేకుండానే సూది వేసేది ఆర్ఎంపీ. మందుల వాడకం మితిమీరిందన్న మాట వచ్చినప్పుడల్లా నర్సులమైన మేం ఈ నలుగురి పేర్లూ చెప్పి పక్కకు తప్పుకున్నాం.

ఈసారి మా సంగతి మాట్లాడాలి. సబ్‌సెంటర్లలో ఏఎన్ఎంలు, పీహెచ్‌సీల్లో స్టాఫ్ నర్సులు, నవజాత శిశువుల వార్డుల్లో రాత్రి డ్యూటీలు చేసేవాళ్లు, ప్రైవేటు నర్సింగ్ హోముల్లో నెలకింత అని సర్దుకుపోయేవాళ్లు, అందరం. పిల్లల్ని జబ్బు నుంచి కాపాడుతున్నాం అనుకున్నాం. చాలాసార్లు కాపాడాం కూడా. ఆ మాట దాచుకోవాల్సిన పని లేదు. కానీ యాంటీబయాటిక్ పడిన బిడ్డకు ఆ తర్వాత ఒంట్లో శక్తి ఏమవుతోంది, పేగుల్లో ఏం చెడుతోంది, వేసిన టీకా పట్టిందా లేదా అని చూసుకోవడం కూడా మా పనేనని మేం అనుకోలేదు. మందు ఎక్కించి కేస్ షీటులో టిక్కు పెడితే డ్యూటీ అయిపోయిందనుకున్నాం.

తెలియక చేశామంటే నమ్మేవాళ్లు ఉంటారేమో గానీ, ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పుట్టి పెరిగిన నర్సులకు ఆ మాట చెల్లదు. ఎందుకంటే ఇదే కథ మా పొలాల్లో మా కళ్లముందే జరిగింది.

1980ల్లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి తెల్లబంగారం. పొగాకు వదిలి, అపరాలు వదిలి, కౌలుకు తీసుకుని మరీ పత్తి వేశారు. సింథటిక్ పైరిత్రాయిడ్లు కొత్తగా వచ్చిన రోజులవి. మొదటి ఏళ్లలో ఒక్కసారి కొడితే చేను శుభ్రపడేది. రైతు సంబరపడ్డాడు. తర్వాత రెండుసార్లు, ఐదుసార్లు, పదిసార్లు. మందు కొట్టిన ప్రతిసారీ పురుగుతో పాటు పురుగును తినే సాలీళ్లు, అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు కూడా చచ్చాయి. వాటిని ఎవరూ లెక్కపెట్టలేదు. అడ్డూ ఆపూ లేక తెల్లదోమ ముసురుకుంది. 1987-88 పంటకాలానికి శనగపచ్చ పురుగు పైరిత్రాయిడ్లకు లొంగకుండా పోయింది. కొందరు రైతులు ఇరవై సార్లకు పైగా కొట్టారు, రెండు మూడు మందులు కలిపి కొట్టారు, అప్పు తెచ్చి కొట్టారు. పురుగు చావలేదు. అదే మందు తాగి రైతులు చచ్చిపోయారు. ప్రకాశం, గుంటూరు జిల్లాల పత్తి రైతుల ఆత్మహత్యల గురించి దేశం మొదటిసారి గట్టిగా విన్నది అప్పుడే.

పురుగుమందు తాగిన వాళ్లను ఎడ్లబండి మీద, ట్రాక్టరు మీద తెస్తే ముక్కులో గొట్టం వేసి పొట్ట కడిగింది మా ముందు తరం నర్సులే. వాళ్లలో చాలామంది ఆ రైతుల కూతుళ్లు, కోడళ్లు. ఆ తర్వాత లాం ఫారం వ్యవసాయ శాస్త్రవేత్తలు ఊళ్లకు వచ్చి చేలో దిగి చూడమన్నారు, లింగాకర్షక బుట్టలు పెట్టి పురుగు లెక్క చూడమన్నారు, ఫలానా మోతాదు దాటితేనే మందు కొట్టమన్నారు. మిత్రపురుగులను బతకనివ్వమన్నారు. అక్షరం ముక్క రాని రైతు కూడా ఆ లెక్క నేర్చుకున్నాడు. అందరూ పాటించారని కాదు, కానీ కొట్టేముందు లెక్క చూడాలన్న మాట ఊళ్లో పుట్టింది.

పాఠశాలకు పోయి, నర్సింగు చదివి, సూక్ష్మజీవుల పాఠం పరీక్ష రాసి వచ్చిన మేం మాత్రం ఆ లెక్కను చేను గట్టు మీదే వదిలేశాం. బిడ్డ కడుపులోనూ మిత్రజీవులు ఉంటాయని, మందు పడిన ప్రతిసారీ అవి కూడా పోతాయని, వాటి చోటును మొండి క్రిములు ఆక్రమిస్తాయని మాకు చదువులో చెప్పారు. ఆ చదువును వార్డుదాకా తెచ్చుకోలేదు.

ఆ మిత్రులేమిటో కాస్త చెప్పాలి. తల్లిపాలలో కొన్ని రకాల చక్కెరలు ఉంటాయి. బిడ్డ వాటిని అరిగించుకోలేదు. అవి బిడ్డ కోసం ఉన్నవి కావు. బిడ్డ పేగుల్లో చేరే బైఫిడో బ్యాక్టీరియా కోసం ఉన్నవి. ఆ బ్యాక్టీరియా ఆ చక్కెరలను తిని పేగును ఆమ్లంగా ఉంచుతాయి, చెడ్డ క్రిములను దగ్గరికి రానీయవు, పేగు గోడల్లో పోగుపడి ఉన్న రోగనిరోధక కణాలకు ఎవరిని ఎదిరించాలో ఎవరిని విడిచిపెట్టాలో నేర్పుతాయి.  2022లో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన ఒక అధ్యయనం పుట్టిన తొలి వారంలో యాంటీబయాటిక్ పడిన పిల్లల మలాన్ని పరీక్షించింది. బైఫిడో బ్యాక్టీరియా తగ్గాయి. జబ్బు చేయగల క్లెబ్సియెల్లా, ఎంటరోకాకస్ పెరిగాయి. అన్ని మందులూ ఒక్కలా చెరపలేదు. పెన్సిలిన్, జెంటామైసిన్ జతతో నష్టం తక్కువ. అమాక్సిసిలిన్, సెఫోటాక్సిమ్ జతతో ఎక్కువ. ఏ మందు వాడాలన్నది డాక్టరు నిర్ణయమే. కానీ పెద్ద మందు వాడితే గొప్ప వైద్యం అన్న నమ్మకాన్ని తల్లిదండ్రుల్లో పెంచింది మేం కూడానన్నది నిజం. "మంచి ఖరీదైన ఇంజక్షన్ వేస్తున్నాంలే అమ్మా, భయపడకు" అని ధైర్యం చెప్పినప్పుడల్లా ఆ నమ్మకానికి నీళ్లు పోశాం.

2025లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో ప్రచురించిన ఫలితం చదివాక నర్సుకు నిద్ర పట్టకూడదు. నెలలు నిండి, మామూలు కాన్పుతో పుట్టిన 191 మంది పిల్లలను వాళ్లు గమనించారు. పుట్టిన కొత్తలో నేరుగా యాంటీబయాటిక్ పడిన పిల్లల్లో 7 నెలల వయసుకు న్యుమోకాకల్ టీకా వల్ల రావలసిన యాంటీబాడీలు తక్కువగా ఉన్నాయి. డిఫ్తీరియా, హిబ్ టీకాల విషయంలోనూ అంతే. ఆ లోటుకు బైఫిడో బ్యాక్టీరియా తగ్గడానికి లంకె కనిపించింది. అంటే ఒక చేత్తో సూది వేసి, ఆరు వారాలకు ఇంకో చేత్తో టీకా వేసే మనిషి, మొదటి సూది రెండో సూదిని బలహీనం చేసే వీలుందని ఇప్పుడు తెలుసుకోవాల్సి వచ్చింది. ఆ రెండు చేతులూ మావే. మన రాష్ట్రంలో న్యుమోకాకల్ టీకా 2021 నుంచి వేస్తున్నాం, ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు. వేసిన లెక్క అప్పజెప్పాం. ఆ బిడ్డ పుట్టుకలో ఏ మందు వాడారని ఏ తల్లినీ అడగలేదు.

యాంటీబయాటిక్ చెడ్డదని కాదు. డొక్కలెగరేస్తున్న బిడ్డకు, పాలు తాగడం మానేసి చల్లబడిన నెలలోపు బిడ్డకు అది ప్రాణం. 2014లో కేంద్ర ఆరోగ్యశాఖ, పెద్దాస్పత్రికి తీసుకుపోయే వీలు లేనప్పుడు రెండు నెలల లోపు బిడ్డకు జెంటామైసిన్ సూది వేసే అధికారం ఏఎన్ఎంకే ఇచ్చింది. అంత నమ్మకం మా మీద ఉంచారు. ఆ నమ్మకానికి బదులుగా, అక్కర్లేని బిడ్డకు వద్దని చెప్పే బాధ్యతను కూడా మేం తీసుకోవాల్సింది. తీసుకోలేదు.

మా వైఫల్యం ఎలా ఉంటుందో చూడాలంటే మిరప కోతల కాలంలో రావాలి. సంక్రాంతి దాటాక పల్నాడు పల్లెల్లో, గుంటూరు చుట్టుపక్కల కల్లాలన్నీ ఎర్రబడతాయి. కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే కోతలకు దిగుతాయి. చేల పక్కన పట్టాలు కప్పిన గుడిసెలు, మూడు రాళ్ల పొయ్యి, చీరతో కట్టిన ఉయ్యాల. తల్లి కాయలు పరుస్తుంది, తాలు ఏరుతుంది. బిడ్డ పక్కనే ఆ ఘాటు పీలుస్తూ పడుకుంటుంది. పెద్దవాళ్లం ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కూడా ఐదు నిమిషాలు నిలబడలేని చోట ఏడాది పిల్లలు పగలంతా ఉంటారు. దగ్గు రాక ఏం వస్తుంది?

ఆ తల్లి మా దగ్గరికి వస్తుంది. "సిస్టరమ్మా, రాత్రంతా దగ్గుతాండాడు. నిద్దర ల్యాకపాయ. ఏమన్నా సీసా ఉంటే ఇయ్యమ్మా."

అక్కడ చేయాల్సిన పని ఒక్క నిమిషం పని. బిడ్డను తల్లి ఒళ్లోనే ఉంచి, ఏడుపు ఆగాక, చొక్కా ఎత్తి, పొట్ట కదలిక చూస్తూ నిండా అరవై సెకన్లు ఊపిరి లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, ఏడాది లోపు బిడ్డకు 50, ఐదేళ్ల లోపు బిడ్డకు 40. ఆ అంకె చేరితే న్యుమోనియా అనుకోవాలి, మందు మొదలెట్టాలి. డొక్కలు లోపలికి పోతుంటే, పాలు తాగలేకపోతుంటే వెంటనే పంపాలి. ఇవేవీ లేకుండా ముక్కు కారుతూ, దగ్గుతూ, ఆడుకుంటూ ఉన్న బిడ్డకు యాంటీబయాటిక్ పని లేదు. మిరప ఘాటుకు వచ్చిన దగ్గుకు అసలే లేదు. ఆ తల్లికి చెప్పాల్సింది ఉయ్యాలను కల్లానికి ఎదురుగాలి వైపు మార్చమని, తల్లిపాలు మానొద్దని, ఫలానా గుర్తు కనిపిస్తే అర్ధరాత్రయినా తీసుకురమ్మని.

మేం లెక్కపెట్టం. చేతికి గడియారం ఉంటుంది, వెనక వరుస ఉంటుంది, చీకటి పడేలోపు ఇంకో ఊరు ఉంటుంది. ఒక్క చూపు చూసి సీసా తీసి ఇస్తాం. సీసా ఇస్తే తల్లి తృప్తిగా వెళుతుంది, ఏమీ ఇవ్వకపోతే "ఆ నర్సమ్మకేం తెలీదు" అంటుంది. ఆ మాట పడటం ఇష్టం లేక మేం ఎన్ని సీసాలు ఇచ్చామో!

ఆ సీసా సంగతి ఇంకా ఉంది. నారింజ రంగు పొడి, మీద గీత. కాచి చల్లార్చిన నీళ్లు ఆ గీత దాకా పోసి, కుదిపి, నురగ దిగాక మళ్లీ గీత చూసి కలపాలి. కలిపిన మందు వారం, మహా అయితే పది రోజులు, చల్లటి చోట. ఇది తల్లి ముందు కలిపి చూపించాలి. చూపించం. చెంచా కొలత చెప్పి పంపిస్తాం, ఏ చెంచా అని అడగం. కోతల గుడిసెల్లోకి ఇంటి సందర్శనకు వెళ్లినప్పుడు ఆ సీసా కనిపిస్తుంది. పట్టా కింద, ఎండకు కాగిన రేకు పెట్టె మీద, మూత చుట్టూ గడ్డకట్టిన తీపితో, చీమలు పట్టి. బోరు నీళ్లు గీత దాటి పోసి ఉంటాయి. జ్వరం తగ్గగానే రెండో రోజు ఆపేసి ఉంటారు. మిగిలింది పక్క గుడిసె పాపకు దగ్గు వస్తే రెండు చెంచాలు. ఆ తల్లి తప్పేమీ లేదు, ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మేం "ఇట్లా వాడతారా, చదువు లేకపోతే ఇంతే" అని విసుక్కుని వచ్చేశాం.

విరేచనాల దగ్గరా ఇదే తీరు. ఓఆర్ఎస్, జింకు, తల్లిపాలు. జింకు పద్నాలుగు రోజులు, ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు. మలంలో రక్తం పడితే తప్ప మామూలు నీళ్ల విరేచనాలకు యాంటీబయాటిక్ పని లేదు. ఇది మాకు నోటికి వచ్చు. ప్యాకెట్టు చేతిలో పెట్టి, దాంతోపాటు ఒక సీసా కూడా "ఎందుకైనా మంచిదని" పెట్టాం. ఆ సీసా వల్లే విరేచనాలు ఇంకో వారం సాగిన పిల్లలు మాకు తెలుసు. నోట్లో తెల్ల పూత వచ్చి పాలు పట్టని పిల్లలు, తొడల మధ్య ఎర్రగా ఒరిసి ఏడ్చిన పిల్లలు తెలుసు. దానికి మరో మందు ఇచ్చాం.

ఇక టీకాల సంగతి. దీనికి వంక చెప్పడానికి కూడా మాకు నోరు లేదు. బుధవారమో శనివారమో తల్లి కూలి మానుకుని, బిడ్డను చంకనేసుకుని వస్తుంది. "మందులేమైనా వాడుతున్నావా అమ్మాయ్?" "అవునండీ, జలుబుకు టానిక్కు పోస్తున్నా." "అయితే కోర్సు అయ్యాక రా." ఈ మాట ఎన్ని సెంటర్లలో, ఎన్ని నోళ్లలో విన్నామో లెక్కలేదు. చిన్న జలుబుకు, కొద్దిపాటి జ్వరానికి, యాంటీబయాటిక్ వాడుతున్నందుకు మన షెడ్యూలులోని ఏ టీకానూ ఆపాల్సిన పని లేదు. తీవ్రంగా జబ్బు పడ్డ బిడ్డకే వాయిదా. ఇది టీకాల శిక్షణలో మాకు చెప్పిన సంగతే. అయినా ఆపాం, ఎందుకంటే టీకా వేశాక జ్వరం పెరిగితే ఊరు మమ్మల్ని అంటుంది. మా పేరు కాపాడుకోవడానికి బిడ్డ టీకాను వెనక్కి నెట్టాం. కోతలకు వచ్చిన తల్లయితే మళ్లీ బుధవారానికి ఇంకో ఊళ్లో ఉంటుంది. కార్డు సొంతూళ్లో ట్రంకు పెట్టెలో ఉంటుంది. యాంటీబయాటిక్‌తో పేగు బలం తగ్గిన బిడ్డకే టీకా కూడా అందకుండా చేశాం. తొమ్మిది నెలల దగ్గర వేయాల్సిన మీజిల్స్ టీకా, పోయాల్సిన విటమిన్ ఎ చుక్కలు అలా తప్పిపోయిన పిల్లలు ఎందరో.

పెద్దాస్పత్రుల్లో, నవజాత శిశువుల వార్డుల్లో పని చేసేవాళ్లం ఇది ఊళ్లలో ఏఎన్ఎంల గొడవ అనుకుంటాం. అక్కడ మా తప్పులు ఇంకా ఖరీదైనవి.

బిడ్డకు మొదటి డోసు ఎక్కించే ముందే రక్తం కల్చర్‌కు తీయాలి. మందు పడ్డాక తీస్తే క్రిమి దొరకదు. క్రిమి దొరకకపోతే మందు ఆపే ధైర్యం ఎవరికీ ఉండదు. ఏడు రోజులు, పది రోజులు, పెద్ద మందు, ఇంకా పెద్ద మందు. రాత్రి రెండింటికి వచ్చిన బిడ్డకు నరం దొరక్క, కల్చర్ సీసా లేక, లాబ్ మూసి ఉందని ముందు మందు ఎక్కించేసి "పొద్దున తీద్దాంలే" అనుకున్న రాత్రులు ఏ వార్డుకైనా ఉంటాయి. ఇక కల్చర్ తీసిన బిడ్డకు రెండు రోజులకు ఏ క్రిమీ పెరగలేదని రిపోర్టు వస్తుంది, బిడ్డ హుషారుగా పాలు తాగుతుంటాడు. అప్పుడు రౌండ్స్‌లో డాక్టరు పక్కన నిలబడి "సార్, కల్చర్ ఏమీ రాలేదు, బిడ్డ బాగున్నాడు, ఆపవచ్చా" అని అడగాల్సింది కేస్ షీటు పట్టుకున్న మనిషి. మా నోట ఆ మాట రాదు. అడిగితే ఏమంటారోనని భయం. అడగకపోతే ఎవరూ ఏమీ అనరు. ఎవరూ ఏమీ అనకుండా బతకడం మాకు అలవాటైంది. ఆ అలవాటు ఖరీదు బిడ్డ పేగులు కట్టాయి.

చేతుల మాట రాయడానికే బాధగా ఉంది. ఆరు అంచెల చేతి కడుగుడు పోస్టరు ప్రతి సింకు మీదా ఉంది. అయినా ఒక బిడ్డ నుంచి ఇంకో బిడ్డకు క్లెబ్సియెల్లాను మోసుకుపోయేది ఎక్కువగా మా వేళ్లే. ఒక ఇన్ఫెక్షన్ మా చేతులతో అంటించి, దానికి మందు అవే చేతులతో ఎక్కించిన రోజులు ఉన్నాయి. పడకకు ఇద్దరు పిల్లలు, ఒక నర్సుకు లెక్కకు మించిన పడకలు అన్నది నిజమే. కానీ గుంటూరు నర్సులకు యాంటీబయాటిక్ రాకముందే ఒక చరిత్ర ఉంది. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు. ఆమె స్త్రీలు, పిల్లల కోసం కట్టించిన ఆస్పత్రి 1898లో తెరుచుకుంది. అప్పటికి పెన్సిలిన్ కనిపెట్టడానికే ముప్పై ఏళ్లు ఉంది. ఆ వార్డుల్లో నర్సు చేతిలో ఉన్నవి సబ్బు, కాగిన నీళ్లు, ఉతికిన గుడ్డ, తల్లి పాలు. వాటితోనే ఎంతమంది పిల్లలను దక్కించారో! యాంటీబయాటిక్ వచ్చాక ఆ నాలుగింటినీ మేం రెండో వరుసలోకి నెట్టాం.

తల్లిపాల దగ్గర చేసింది అన్నిటికన్నా పెద్ద తప్పు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు ఆపరేషన్లు. ఆపరేషన్ అంటే తల్లికి యాంటీబయాటిక్ తప్పదు. తల్లి మత్తులో, నొప్పిలో ఉంటుంది, బిడ్డను బంధువుల చేతిలో పెడతాం, డబ్బా పాలు మొదలవుతాయి. ఆపరేషన్ అయిన తల్లిని కూడా పక్కకు తిప్పి, బిడ్డను రొమ్ముకు ఆనించి, గంటలోపు ముర్రుపాలు పట్టించవచ్చు. దానికి కావలసింది ఒక నర్సు అరగంట ఓపిక. బిడ్డ శిశువార్డులో యాంటీబయాటిక్ మీద ఉంటే ఆ ఓపిక ఇంకా ఎక్కువ కావాలి, ఎందుకంటే పోయిన మిత్ర బ్యాక్టీరియాను మళ్లీ పెంచేది ఆ పాలే. తల్లి చేత రెండు మూడు గంటలకోసారి పాలు పిండించి, గిన్నెతో పట్టించి, వీలైనప్పుడు ఛాతీ మీద కంగారూ పద్ధతిలో పడుకోబెట్టాలి. మేం తల్లిని వార్డు బయట మెట్ల మీద కూర్చోబెట్టాం. "బిడ్డ లోపల ఉన్నాడు, నువ్వేం చేస్తావ్ ఇక్కడ, పక్కకు జరుగు" అన్నాం. పాలు గడ్డకట్టి, జ్వరం వచ్చి, చివరికి ఇంకిపోయిన తల్లులు ఆ మెట్ల మీదే ఉన్నారు.

పక్క రాష్ట్రం ఒడిశా పల్లెల్లో నాలుగున్నర వేలకు పైగా నవజాత శిశువుల మీద చేసిన పరీక్ష ఫలితం 2017లో వచ్చింది. ల్యాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే మంచి బ్యాక్టీరియాను, దాని మేతతో కలిపి ఏడు రోజులు పట్టిస్తే, తొలి రెండు నెలల్లో సెప్సిస్, మరణం కలిపి 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గాయి. ఆ పిల్లలందరూ తల్లిపాల మీద పెరుగుతున్నవాళ్లే, రెండు కిలోలకు తగ్గని బరువుతో పుట్టినవాళ్లే. దీన్ని చూసి మందుల కొట్లలో యాంటీబయాటిక్‌తో పాటు అంటగట్టే పొడి ప్యాకెట్టును సమర్థించుకోవడం సులువు. ఒడిశాలో వాడింది ఎంచి ఎంచి తీసిన ఒకే ఒక బ్యాక్టీరియా. కొట్లో దొరికేది అది కాదు. నెలలు నిండని పిల్లల్లో ఇలాంటివి రక్తంలోకి చేరి ప్రాణం తీసే ప్రమాదం ఉందని 2023లో అమెరికా ఔషధ సంస్థ హెచ్చరించింది. ప్యాకెట్టు చేతిలో పెట్టి చేతులు దులుపుకోవడం మాకు వచ్చిన విద్య. పాలు పట్టించడానికి కూర్చోవడం రాని విద్య.

ఆరు నెలలు దాటిన పిల్లలకు పెరుగన్నం ఉంది, గంజి ఉంది, చద్దన్నం ఉంది, అరటిపండు, జావ ఉన్నాయి. దగ్గు జలుబు అనగానే పెరుగు మాన్పించే పథ్యం ఊళ్లో ఉంది. అది తప్పని చెప్పాల్సిన మేమే మా ఇళ్లలో మా పిల్లలకు మాన్పించాం.

యాంటీబయాటిక్ పొలాల్లోనూ పడింది. మిరప తోటలో ఆకుమచ్చకు, పత్తిలో నల్లమచ్చ తెగులుకు కాపర్ ఆక్సీక్లోరైడ్‌తో కలిపి కొడుతూ వచ్చిన తెల్లపొడి ఏమిటో మాకు తెలియనిది కాదు. స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్. ఒకటి క్షయకు వాడిన మందు. టెట్రాసైక్లిన్ల జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్, 1948లో లెడర్లీ ప్రయోగశాలలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పర్యవేక్షణలో లోకానికి అందింది. ఒక తెలుగువాడి శ్రమ ఫలితం కోట్ల మంది ప్రాణాలు నిలిపింది. అదే జాతి మందును తైవాన్ పంపుల్లో పోసి ఊరంతా చల్లుతుంటే, చల్లిన చేత్తోనే బిడ్డకు అన్నం కలుపుతుంటే, ఊరూరా తిరిగే మేం అది వ్యవసాయ శాఖ సంగతి అనుకున్నాం. 2021 డిసెంబరులో కేంద్రం ఈ రెండింటినీ పంటల మీద ఆపే దిశగా ముసాయిదా ఉత్తర్వు తెచ్చింది. గ్రామసభలో లేచి, ఇది మా బిడ్డల మందు అని ఏ నర్సూ చెప్పినట్టు మేం వినలేదు.

మా తరఫున చెప్పుకోవలసినవి ఉన్నాయి, చెబుతాం. ఒక్కో ఏఎన్ఎం మీద ఊళ్లు, ఆన్‌లైన్ ఎంట్రీలు, సర్వేలు. ఫోన్లో యాప్‌లు నింపడానికే సాయంత్రం అయిపోతుంది. వార్డుల్లో ఖాళీలు భర్తీ కావు. ప్రైవేటు నర్సింగ్ హోములో నర్సు ప్రశ్న వేస్తే రేపు ఉద్యోగం ఉండదు. సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ లాంటి మందులు 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి. చీటీ లేకుండా అమ్మకూడదు, చీటీ మీద అమ్మినా రిజిస్టరులో రాయాలి. ఊరి కొట్లో అవి అడిగితే దొరుకుతాయి. ఆర్ఎంపీ సంచిలో ఉంటాయి. ఇవన్నీ నిజాలే. వీటిలో ఏ ఒక్కటీ, తల్లి ఒళ్లో ఉన్న బిడ్డ ఊపిరిని ఒక్క నిమిషం లెక్కపెట్టకుండా మమ్మల్ని ఆపలేదు. జలుబు ఉన్న బిడ్డకు టీకా వేయకుండా ఆపలేదు. సీసాలో నీళ్లు ఎక్కడిదాకా పోయాలో చూపించకుండా ఆపలేదు. ఆర్ఎంపీని తిట్టే మాకు, ఆ ఊళ్లో అర్ధరాత్రి తలుపు తీసే మనిషి అతనొక్కడే అన్న సంగతీ తెలుసు. అతనితో కూర్చుని, ఈ గుర్తులుంటే మా దగ్గరికి పంపు, లేకుంటే సూది వేయకు అని ఒక్కసారైనా మాట్లాడామా? అతన్ని దొంగగా చూసి, మేం ప్రభుత్వపు మనుషులమని దూరంగా నడిచాం.

మా సంఘాలు జీతాల కోసం, బదిలీల కోసం, పదోన్నతుల కోసం గుంటూరు కలెక్టరేట్ ముందు, విజయవాడ ధర్నాచౌక్‌లో కూర్చున్నాయి. ఆ డిమాండ్లు న్యాయమైనవి, మేమూ కూర్చున్నాం. ఆ పత్రాల్లో ప్రతి శిశువార్డుకు రాత్రిపూట కూడా కల్చర్ సీసాలు కావాలని, యాంటీబయాటిక్ ఆపమని అడిగే హక్కు నర్సుకు రాతపూర్వకంగా కావాలని, కోతల గుడిసెల దగ్గరికి టీకా బండి రావాలని ఒక్క వాక్యం రాయలేదు.

తల్లీబిడ్డల కార్డు ఒకసారి తెరిచి చూడండి. టీకాల గళ్లు ఉన్నాయి, బరువు గీతలు ఉన్నాయి, ఐరన్ సంగతి ఉంది. బిడ్డకు పుట్టినప్పుడు ఏ యాంటీబయాటిక్ పడింది, ఎన్ని రోజులు, ఆ తర్వాత తల్లిపాలు నిలిచాయా, తొలి ఏడాదిలో ఎన్ని సీసాలు తాగింది అన్న నాలుగు ముక్కలు కార్డు అంచున పెన్నుతో రాయడానికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కర్లేదు. ఆ నాలుగు ముక్కలు ఉంటే ఆదోని నుంచి వచ్చిన బిడ్డను సత్తెనపల్లిలో చూసే నర్సుకు తెలుస్తుంది, ఈ బిడ్డకు టీకా ఒక్కటి కూడా వాయిదా వేయకూడదని, ఇంకో సీసా ఇచ్చే ముందు ఊపిరి లెక్కపెట్టాలని. నెలనెలా పీహెచ్‌సీ మీటింగులో కూర్చుంటాం, టార్గెట్లు చదువుతాం, టీ తాగి లేస్తాం. ఇది రాద్దామని ఇంతవరకు ఏ మీటింగులోనూ మేం అనలేదు. ఈ నెల మీటింగు ఇంకా జరగలేదు.